నేను ఆడని మ్యాచ్‌ల అలసట

ఫిబ్రవరి 3, 2091

ఈరోజు పనులు: వంట రెండు పూటలు. బట్టలు ఒక వాయి. నీళ్ళ పడవ దగ్గర నుంచి మంచినీళ్ళ డబ్బాలు. మా ఆయన చొక్కాకి బొత్తాలు. పెసరపప్పు బాగుచేయడం. కబడ్డీ మ్యాచ్ ఒకటి.

చివరిది నేను ఆడలేదు. మా అమ్మాయి నాంచారి ఆడింది. అలసట మాత్రం నాది.

సాయంత్రం, బయటికి రావద్దనే ఎండ సైరన్ ఆగాక అది కాలేజీ నుంచి వచ్చింది. మా ఇంట్లో పద్ధతి ఒకటే. బూట్లు విప్పకముందే అది గుమ్మంలో చెయ్యి చాపుతుంది. నేను తడి చెయ్యి తుడుచుకుని, నా కడియాన్ని దాని కడియానికి తాకిస్తాను. ఠంగ్‌మని చిన్న చప్పుడు. అంతే, దాని ఒంట్లో ఉన్న అలసటంతా నా ఒంట్లోకి దిగుతుంది. అది ఎగురుకుంటూ స్నానానికి పోతుంది. నేను గోడ పట్టుకుని స్టవ్ దగ్గరికి పోతాను.

ఈరోజు నా కడియం వందకి అరవై నాలుగు చూపించింది. నలభై దాటితే ఇక కూర్చోమని ఎర్ర దీపం వెలుగుతుంది. మూడేళ్ళుగా మా వంటింట్లో చారు ఆ ఎర్ర వెలుగులోనే మరుగుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఒక నీళ్ళ డబ్బా కిందే మర్చిపోయాను. సాయంత్రాలు లిఫ్ట్‌కి కరెంటు ఉండదు. మాది తొమ్మిదో అంతస్తు. డబ్బాతో పైకి వచ్చేటప్పుడు చివరి మెట్లు చేతులు ఆనించి ఎక్కుతుంటే పక్కింటి మోక్షిత గారు తలుపు తీశారు.

"ఏం వదినా, ఈరోజు ఎవరి మీద గెలిచారు?"

"గుడివాడ అమ్మాయిల మీద."

"గెలిచిన మొహమేనా అది?"

మా తరంలో అందరం జస్వితలం, మోక్షితలం. మా పిల్లలకేమో ఫ్యాషన్ తిరగబడి నాంచారి, వీరమ్మ అని పెట్టుకున్నాం. నాంచారి భోజనం చేస్తూ నా కాళ్ళ వంక చూసింది.

"అమ్మా, నేను పెద్ద క్లబ్బులోకి వెళ్ళాక నీ అలసట ఒక రోజంతా నేను మోస్తా. బాకీ రాసుకో."

రాసుకున్నాను. నాంచారి నుంచి రావలసింది: ఒక రోజు.

ఫిబ్రవరి 6

పనులు: వంట, అటక దులపడం సగం, ప్రాక్టీసు అలసట ఒకటి (నలభై ఎనిమిది). అటక రెండో సగం రేపటికి.

అలసట ఎక్కడికీ పోదు, చేతులు మారుతుందంతే. కాలేజీ లీగ్‌లో రోజు విడిచి రోజు మ్యాచ్. అలసిపోయిన ఆట చూడటానికి టికెట్ ఎవరు కొంటారు? అందుకని ఆడే ప్రతి పిల్ల వెనకా ఇంట్లో కనీసం ఒక మోసే మనిషి ఉండాలని రూలు. కాలేజీ ఆటగాళ్ళకి జీతం లేదు కాబట్టి మోసేవాళ్ళకీ లేదు. నాంచారి పుణ్యమా అని కాలేజీ కొత్త గ్యాలరీ కట్టుకుంది. నాకు ఏడాదికో సర్టిఫికెట్, ఒక లడ్డూ పొట్లం ఇస్తారు. లడ్డూలు అయిపోయాయి. సర్టిఫికెట్లు హాల్లో ఫ్రేము కట్టించి పెట్టాను. తెలివైనదాన్నని అందరూ అంటారు.

మిగతా ఇళ్ళలో నలుగురైదుగురు పంచుకుంటారు. మా ఆయన రిత్విక్ కూడా కిందటేడు ఒకసారి ముందుకొచ్చాడు. కడియం ఇరవై దగ్గరికి రాగానే నుదుటి మీద చెయ్యి పెట్టుకుని సోఫాలో వాలిపోయి, "జస్వీ, బీరువా తాళం బియ్యం డబ్బా వెనకాల ఉంది, అమ్మాయికి చెప్పు" అన్నాడు. రెండు రోజులు లేవలేదు. ఆ తరువాత ఇక నేనే.

నిజం చెప్పాలంటే నాకు గర్వం కూడా. ఎవరైనా అడిగితే "మేం సెమీస్ గెలిచాం" అంటాను.

ఈరోజు కొల్లేరు కొంగలు క్లబ్బు నుంచి సహస్ర అనే ఆవిడ ఫోన్ చేసింది. రైడర్ సీటు ఒక్కటే ఖాళీ ఉందట. నాంచారిని ట్రయల్‌కి తీసుకుంటారట. కానీ షరతు: ఏడు రోజులు తన అలసట తనే మోసుకుని ఆడాలి.

"మా దగ్గర జీతమిచ్చి మోయిస్తాం మేడమ్. అసలు బరువెంతో తెలియకుండా మనుషుల్ని ఎలా పెట్టుకుంటాం? కడియం ఒక్కసారి తాకించినా ట్రయల్ రద్దు."

నాంచారికి కాలేజీలో ఇది చివరి ఏడాది. నెలాఖరుకి క్లబ్బుల జాబితాలు మూసేస్తారు. ఇది పోతే ఆట పోయినట్టే. ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు.

ఫిబ్రవరి 10

పనులు: వంట. అటక రెండు సగాలూ. కిటికీ అద్దాలు. ఫ్యాన్లు. ఆవకాయ జాడీలు కడిగి ఎండబెట్టడం. మోక్షిత గారి ఫ్యాను కూడా.

ట్రయల్ మొదటి రోజు. నా ఒంట్లో పరాయి అలసట లేకపోయేసరికి ఏం చేయాలో తోచలేదు. మా ఆయన హాల్లోంచి, "కనిపించినవన్నీ కడిగేస్తున్నావు, నన్ను మాత్రం వదిలెయ్" అని అరిచాడు.

సాయంత్రం నాంచారి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"అమ్మా! నాకేదో అయింది. డాక్టర్ని పిలు."

"ఏమయిందే?"

"కాళ్ళు నావి కావు. వంచితే మంట, చాపితే లాగుడు. పక్షవాతమేమో."

నేను కంగారుపడి పక్కన కూర్చుని లక్షణాలన్నీ ఒక్కొక్కటే అడిగాను. తొడలు? అవును. పిక్కలు? అవును. ఎవరైనా మాట్లాడితే కొట్టాలనిపిస్తోందా? "నువ్వు మాట్లాడుతుంటేనే అనిపిస్తోంది."

"దాన్ని అలసట అంటారమ్మా."

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఇదా? రోజూ నీకు ఉండేది ఇదా?"

"సుమారుగా ఇదే."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. నువ్వు స్నానాల గదిలో పాటలు పాడుకుంటున్నావు."

ఫిబ్రవరి 12

పనులు: వంట, బట్టలు. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు.

కోచ్ యశ్వంత్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, నాంచారి మూడు కూతలకే నడుం పట్టుకుంటోంది. క్లబ్బు వాళ్ళు చూస్తున్నారు. ఇంట్లో ఏమైనా చెప్పండి."

నేనేం చెప్పను? అది ఎప్పుడూ నిండు కుండలా కూతకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చేది. ఖాళీ అయినదాన్ని నేను మళ్ళీ నింపేదాన్ని. ఎంత ఖర్చు పెడుతోందో దానికి మూడేళ్ళలో ఒక్కసారి కూడా తెలియనివ్వలేదు. ఇంటి ఖర్చు పైసలతో సహా లెక్కరాసే మనిషిని, ఇంట్లో ఇంత దుబారా పెంచి పోషించాను.

వంటింట్లో నేల మీద కాళ్ళు చాపుకుని నాంచారి అడిగింది. "ఇది పెట్టుకుని వంటెలా చేశావమ్మా?"

"ఒక్క పనికోసం లేచేదాన్ని కాదు. మూడు పనులు పోగయ్యేదాకా చూసి అప్పుడు లేచేదాన్ని. నొప్పి పెట్టే కాలు మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, అది వినదు. కాసేపు రెండో కాలికి పని చెప్పేదాన్ని."

"కబడ్డీకి పనికొచ్చేది ఒక్కటి చెప్పు."

"నాకు కబడ్డీ రాదే."

"మూడేళ్ళు ఆడి రాదంటావేంటి?" అంది నవ్వుతూ. నవ్వితే పొట్ట కండరాలు పట్టేసి మళ్ళీ ఏడుపు మొహం పెట్టింది.

ఫిబ్రవరి 13

పనులు: వంట ఒక పూట. రెండో పూట ఎవరూ తినలేదు.

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం చపాతీ పిండి కలుపుతున్నాను. తలుపు చప్పుడైంది. నాంచారి గుమ్మంలో నిలబడింది. మొహం వాడిపోయి ఉంది, చేతులు వేలాడుతున్నాయి. ఈరోజు బాగా ఆడానని చెప్పబోతోంది, నోరు తెరిచింది కూడా. నేను కొంగుకి చెయ్యి తుడుచుకున్నాను, నా కడియాన్ని దాని కడియానికి తాకించాను.

ఠంగ్.

నేను ఆలోచించలేదు. చెయ్యి తుడుచుకున్నాక తరువాతి పని అదే కదా, మూడేళ్ళుగా. నా మోకాళ్ళు ఒక్కసారిగా కుంగాయి. నాంచారి నిటారుగా అయింది. దాని కళ్ళు తేటపడటం చూశాను. అప్పుడు అర్థమైంది.

"అమ్మా! ఏం చేశావ్?"

"తిరిగిచ్చేస్తా, ఇంద, తీసేసుకో" అంటూ మళ్ళీ తాకించాను. ఠంగ్. అదింకో తప్పు. ఒకటి రాయవలసిన చోట కడియం రెండు రాసుకుంది.

నాంచారి తన గదిలోకి పోయి తలుపేసుకుంది. ఇంతకన్నా నేను పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే బాగుండేది. అది తుడిస్తే పోతుంది.

ఫిబ్రవరి 14

పనులు: హాలు సర్దడం, కాఫీ మూడు సార్లు.

సహస్ర స్వయంగా ఇంటికి వచ్చింది. ట్రయల్ రద్దని మర్యాదగా చెప్పింది. నాంచారి తల వంచుకుని కూర్చుంది. వెళ్ళబోతూ సహస్ర మళ్ళీ కూర్చుంది.

"మీ కడియం రికార్డు మొత్తం చూశాను మేడమ్. అరవై దాటాక కూడా మీరు మెట్లెక్కుతారా?"

"మంచినీళ్ళ డబ్బాతో" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, అడగకుండానే.

"మా కెప్టెన్ అలసట ఏడుగురు మోస్తారు. మీరైతే ఒక్కరే సరిపోతారు. ఇద్దరి జీతం ఇస్తాం. పాపకి రిజర్వులో సీటు కూడా ఇస్తాం, ట్రయల్ లేకుండా."

చెప్పకూడదు గానీ నా ఛాతీ ఉప్పొంగింది. నలభై తొమ్మిదో ఏట, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా నేను లీగ్‌కి ఎంపికయ్యాను. హాల్లో ఇంకో ఫ్రేముకి చోటుందా అని గోడ వైపు చూశాను కూడా.

"వద్దు" అంది నాంచారి. "నీ మోకాళ్ళు తీసుకుని నాకు సీటిస్తారా? ఆ సీట్లో నేను కూర్చోను."

"నువ్వాగవే. నీకు ఆట కావాలా వద్దా?"

"నా ఆట కావాలి. ఇది మళ్ళీ నీ ఆటే."

ఆ మాట గట్టిగానే తగిలింది. అయినా సహస్రను అలా పంపించలేకపోయాను. వంకాయలు బేరం చేసినట్టే మొదలుపెట్టాను.

"ఒక్క మ్యాచ్ మోసి చూపిస్తాను. నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం. దానికి బదులు మా అమ్మాయికి మొదటి నుంచి మళ్ళీ ఏడు రోజులు ఇవ్వండి."

"రద్దయిన ట్రయల్ మళ్ళీ ఇవ్వరు మేడమ్."

"ఎవరి కడియం కదిలిందో రికార్డులో చూడండి. దాని చెయ్యి వేలాడుతోంది. కదిలింది నాది. నా తప్పుకి దాన్ని అవుట్ చేస్తారా?"

సహస్ర చూసింది. ఇంకో కాఫీ తాగింది. నేను నచ్చినా నచ్చకపోయినా ట్రయల్ ఖాయమని కాగితం మీద రాయించుకున్నాకే లేవనిచ్చాను.

ఫిబ్రవరి 17

పనులు: పొద్దున వంట. మ్యాచ్ ఒకటి, కొల్లేరు కొంగల తరఫున. సాయంత్రం వంట.

మోసేవాళ్ళ గది గ్యాలరీ కింద ఉంటుంది. కిటికీ లేదు, తెర కూడా లేదు. వరసగా ఏడు కుర్చీలు, ప్రతి కుర్చీకీ ఒక తీగ. ఆ తీగ కడియానికి తగిలిస్తే పైన ఆట నడుస్తుండగానే అలసట కిందికి దిగుతుంది. నాకోసం ఎనిమిదో కుర్చీ తెచ్చి వేశారు. మ్యాచ్ మొదటి పావుగంట కెప్టెన్ అలసట ఆ ఏడుగురికే వచ్చింది. తరువాత మొత్తం నాకు మళ్ళించి చూస్తామన్నారు.

ఆ ఆడవాళ్ళు ఆట చూడకుండానే చెప్పేస్తున్నారు.

"కూతకెళ్ళింది, నా కుడి పిక్క పట్టింది."

"నా భుజం జివ్వుమంది. పట్టేసుకున్నారే పిల్లని."

"వదిలించుకుంది, వదిలించుకుంది! హమ్మయ్య."

అందరిలో పెద్దావిడ శ్రీనిధి నా వైపు తిరిగింది. "ఏడుగురికి బదులు ఒక్కటి అన్నారు, నువ్వేనా అక్కా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"నువ్వు అనుకుంటే మేం రేపటి నుంచి ఇంటికే. మా ఏడిళ్ళూ ఈ కాళ్ళ మీదే నడుస్తున్నాయి. నీకు ఇద్దరి జీతం ఇచ్చి వాళ్ళు మిగుల్చుకునేది మా అయిదుగురి జీతం, తెలుసా?"

ఏడుగురని సహస్ర చెప్పింది. ఆ ఏడుగురికీ పేర్లుంటాయని నాకే తట్టలేదు. నన్ను లీగ్‌కి ఎంపిక చేశారని పొంగిపోయానే, నన్ను తీసుకుంటోంది చవగ్గా వస్తున్నానని. నా అంతట నేనే చవకయ్యాను. ఊరికే మోసిన మూడేళ్ళ రికార్డు పట్టుకుని ఈవిడ జీతానికి ఎసరు పెట్టడానికి వచ్చాను.

అంతలో క్లబ్బు డాక్టరమ్మ వచ్చి తీగలన్నీ తీసి నాకు మళ్ళించింది. కడియం నెమ్మదిగా ఎక్కుతోంది. ముప్పై. నలభై. ఎర్ర దీపం వెలిగింది. ఇంట్లో అయితే ఈపాటికి పప్పుకి తాలింపు వేసేదాన్ని. ఆ ఏడుగురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహం చూస్తూ ఊపిరి బిగబట్టారు.

నాకు మా ఆయన గుర్తొచ్చాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాను. కుర్చీలో పక్కకి ఒరిగాను. కాస్త గట్టిగానే మూలిగాను.

"ఏమైంది మేడమ్?"

"బీరువా తాళం..." అన్నాను. "బియ్యం డబ్బా వెనకాల... మా అమ్మాయికి చెప్పండి..."

డాక్టరమ్మ తీగ లాగేసింది. సహస్ర పరుగెత్తుకొచ్చింది. "రికార్డులో ఇలా లేదే మేడమ్?"

"మా పిల్లది కాబట్టి ఇంట్లో దిగింది. పరాయిపిల్లది దిగట్లేదమ్మా" అన్నాను నీరసంగా.

నా పేరు పక్కన 'పనికిరాదు' అని రాసుకుని వెళ్ళింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మాట అనిపించుకోకూడదని ఎంత చాకిరీ చేశానో. ఇంత సుళువుగా, ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు.

శ్రీనిధి టీ తెచ్చి, సాసర్లో రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టింది. చెవి దగ్గరకి వంగి, "మూలుగు కొంచెం శ్రుతి మించింది అక్కా" అంది.

ఫిబ్రవరి 25

పనులు: అన్నీ. కడియం చేతిని కొంగుకి ముడేసుకోవడం, రోజూ సాయంత్రం.

రెండో ట్రయల్ ఏడు రోజులూ అలాగే గడిచాయి. తలుపు చప్పుడవగానే ముడి బిగించేదాన్ని. నాంచారి గుమ్మంలో రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేది. మేమిద్దరం పోలీసులకి దొరికిన దొంగల్లా ఒకరినొకరం చూసుకునేవాళ్ళం. తరువాత అది నెమ్మదిగా కూర్చుని, తన బూట్లు తనే విప్పుకునేది. ఎంతసేపైనా నేను వంగలేదు. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు.

నాలుగో రోజు యశ్వంత్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, ఇంట్లో ఏం చెప్పారో గానీ పిల్ల మారిపోయింది. ఊరికే కూతకి వెళ్ళట్లేదు. నిలబడి చూస్తోంది, మూడు పాయింట్లు ఒకచోట పోగయ్యాక వెళ్తోంది."

నేను చెప్పింది వంటింటి పనుల గురించి. అయినా "అవునండీ" అన్నాను.

ఈరోజు ఫలితం వచ్చింది. నాంచారిని తీసుకున్నారు. జాబితాలో ఆఖరి పేరు, ఆఖరి తరగతి జీతం. మోయడానికి ఇద్దరిని ఇస్తారట. వాళ్ళ పేర్లేమిటని సంతకం పెట్టేముందు అది అడిగిందట. ఇప్పటివరకూ ఎవరూ అడగలేదని సహస్ర తెల్లబోయిందట. అలసటలో సగం తనే ఉంచుకుంటానని కూడా రాయించుకుంది.

"సగమెందుకే?"

"మొత్తం దింపేస్తే ఎంత ఖర్చయిందో తెలియట్లేదమ్మా."

సర్టిఫికెట్ల ఫ్రేములు గోడ మీంచి తీసి అటక మీద పెట్టాను. అటక శుభ్రంగా ఉంది, ఈ నెలలో చాలాసార్లు దులిపాను.

మార్చి 4, ఆదివారం

పనులు: వంట రెండు పూటలు. బట్టలు. మంచినీళ్ళు. మినప్పప్పు నానబోయడం, రుబ్బడం. మా ఆయన కళ్ళద్దాలు వెతకడం (రెండుసార్లు). గిన్నెలు. మ్యాచ్‌లు లేవు.

రేపు నాంచారి క్లబ్బు హాస్టల్‌కి వెళుతుంది. సంజె వేళ వంటింట్లోకి వచ్చి, గిన్నెలు బోర్లిస్తున్న నా ముందు చెయ్యి చాపింది.

"బాకీ."

"ఇప్పుడెందుకులే. రేపు ప్రయాణం."

"రాసుకున్నావు కదా. చెల్లించనియ్యి."

నా కడియం చూసుకున్నాను. ఇరవై రెండు. సిగ్గేసింది. రోజంతా వెట్టిచాకిరీ చేశానని అనుకుంటూ ఉంటాను, ఇంతేనా? కనీసం యాభై ఉంటుందనుకున్నాను. ఇరవై అంటే మా ఆయన సోఫాలో పడిపోయిన అంకె.

తాకించాను. ఠంగ్. ఈసారి అటు వెళ్ళింది.

నాంచారి బియ్యం డబ్బాకి ఆనుకుని నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని, ఒంట్లో ఎక్కడెక్కడ ఏముందో వెతుక్కుంది.

"చిన్నదే కదా?" అన్నాను, ముందే క్షమాపణ చెప్పినట్టు.

"చిన్నదేనమ్మా. కానీ..." కళ్ళు తెరిచింది. "ఇందులో విజిల్ ఎక్కడుంది? మ్యాచ్ అలసట అయితే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఇది ఆగినట్టే లేదు."

"విజిల్ ఉండదే. నిద్రొస్తే పడుకోవడమే."

అది నవ్వింది. ఇంకేదో అనబోయి, అనేలోపే అక్కడే నిద్రపోయింది, డబ్బాకి తల ఆనించి. కాళ్ళు తలుపుకి అడ్డంగా ఉన్నాయి. నేను వాటిని దాటుకుని వెళ్ళి దుప్పటి తెచ్చి కప్పాను.

నా ఒంట్లో నాంచారిది లేదు, నాదీ లేదు. గిన్నెలన్నీ బోర్లించేశాను. పప్పు రుబ్బడం అయిపోయింది. చేయడానికేమైనా ఉందేమో అని చుట్టూ చూసి, ఏమీ లేకపోవడంతో నేను కూడా దాని పక్కనే కూర్చున్నాను.

నాంచారి నుంచి రావలసింది, ఒక రోజు: ముట్టింది. బాకీ చెల్లు.